ఇంటికి తెచ్చిన మనిషి

మా ఊళ్లో దవాఖాన నుంచి మనిషిని ఆక్సిజన్ పెట్టి ఇంటికి తెస్తే దానికి ఒకటే అర్థం. డాక్టర్లు ఇంక కాదన్నారని. ఎవరూ విడమరచి చెప్పరు. అంబులెన్సు వచ్చి ఆగగానే ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నె దించి వస్తారు. మగవాళ్లు చేలల్లో, బావుల దగ్గర ఉన్నవాళ్లకు ఫోన్లు చేస్తారు. వాకిట్లో మంచం ఎక్కడ వేయాలో కూడా వాళ్లకు తెలుసు.

మూడేళ్ల కింద నా భార్య బుచ్చిని అట్లాగే తెచ్చారు. కడుపులో చీము పట్టి హనుమకొండలో ఒక పెద్ద దవాఖానలో పన్నెండు రోజులు ఉంది. పదకొండు రోజులు నేను ఆమె పక్కనే ఉన్నాను. పన్నెండో రోజు లేను. బర్రె ఈననున్నది, ఒక్క పూట చూసి వస్తానని ఊరికి వచ్చాను. నేను కొట్టంలో ఉండగానే అంబులెన్సు వచ్చింది. పొద్దున పదింటికి తెచ్చారు. సాయంత్రం నాలుగింటికి పోయింది. డాక్టర్లు ఇక లాభం లేదని పంపించేశారని నా తమ్ముడు పాపయ్య చెప్పాడు. బండిలో ఆమె వెంట వచ్చింది వాడే.

ఊపిరి ఉన్న మనిషిని ఇంటికి పంపినవాళ్లను నేను మరిచిపోలేదు. ఆ తర్వాత ఏ దవాఖాన గడపా తొక్కలేదు. బీపీ గోలీలు కూడా మానేశాను.

ఈ వానాకాలం నన్ను తెచ్చారు. నేను చావడానికి రాలేదు. ఆ సంగతి ఊరికి ఎక్కించడం నా వల్ల కాలేదు.

జరిగింది ఇది. రెండు వారాలు దగ్గాను. పత్తి చేనులో కలుపు తీయిస్తూ గట్టు మీద కూలబడితే పాపయ్య ఆటోలో వేసుకుని భూపాలపల్లి తీసుకుపోయాడు. నాకు ఒంటి మీద సోయి ఉంటే పోయేవాణ్ని కాదు. ఎక్సరే తీసి ఎడమ ఊపిరితిత్తికి నిమ్ము పట్టిందన్నారు. వివేక్ అని డాక్టరు, చిన్న వయసు, నిద్ర లేని కళ్లు. పది రోజులు వార్డులో ఉండాలన్నాడు. నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను.

అతను కోప్పడలేదు. వేరే దారి ఒకటి ఉందన్నాడు. వార్డులో చేసేదంతా ఇంట్లోనే చేస్తారట. పొద్దున, సాయంత్రం నర్సు వచ్చి నరానికి సూది ఇస్తుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషను ఒకటి ఇంట్లో పెడతారు. కరెంటు పోతే వాడటానికి సిలిండరు. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పు. రోజూ రెండు సార్లు అతను ఫోన్లో ముఖం చూసి మాట్లాడతాడు. ఒకటే షరతు. ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మిషను నేర్చుకోవాలి, కాయితం మీద సంతకం పెట్టాలి. మనిషి లేని రోజు బండి వస్తుంది, వార్డుకు పోవాలి.

నాకు ఒక్కతే బిడ్డ, రూప. జనగామలో ఉంటుంది. ఎనిమిదో నెల. నా దగ్గు దగ్గరికి రావద్దని ఆమె డాక్టరమ్మ చెప్పింది. మిగిలింది పాపయ్య. నాకంటే నాలుగేళ్లు చిన్న. మా రెండిళ్లకు నడుమ ఒక గోడ, గోడలో ఒక సందు. బుచ్చి పోయినాక ఊళ్లో నేను ఓర్చుకున్నది వాణ్ని ఒక్కణ్నే.

వాడు కాయితం మీద సంతకం పెట్టాడు. పెట్టే ముందు పెన్ను మూత రెండు సార్లు తీసి పెట్టాడు. రాత అలవాటు లేక అనుకున్నాను.

అట్లా నన్ను ముక్కుకు గొట్టాలతో ఇంటికి తెచ్చారు. బండి ఆగేసరికే వాకిట్లో ఇరవై మంది ఉన్నారు. ఎవరో మంచం కూడా వేశారు, బుచ్చికి వేసిన చోటే. నేను ఆ మంచం మీద పడుకోనన్నాను. లోపలి అర్రలోకి నడిచి పోయాను. నడిచినందుకు ఎవరూ సంతోషపడలేదు. పోయే ముందు దీపం ఒకసారి ఎగుస్తుంది కదా అన్నారు.

నర్సు పేరు ద్వాళి. కొత్తగూడ దిక్కు తండా పిల్ల. చెయ్యి గట్టిది, మాట ఇంకా గట్టిది. నరం మొదటిసారే దొరకబట్టింది. పాపయ్యను మిషను ముందు కూర్చోబెట్టి మూడు సార్లు చెప్పించుకుంది, మీట ఎక్కడ, గాలి తేమకు పెట్టిన నీళ్ల సీసా ఎప్పుడు మార్చాలి, సిలిండరు తాళం ఎటు తిప్పాలి. క్లిప్పులో అంకె తొంభై రెండు కంటే తగ్గితే ఫోను చేయాలన్నది. తలుపు మీద ఒక కాయితం అంటించింది, లోపల ఇద్దరి కంటే ఎక్కువ ఉండొద్దని. దాన్ని చదివిన వాళ్లు చదివి లోపలికి వచ్చారు. చదువు రాని వాళ్లు ఊరికే వచ్చారు.

వార్డులో అయితే చూడటానికి టైము ఉంటుంది, గేటు దగ్గర మనిషి ఉంటాడు. ఇంటికి గేటు ఎక్కడిది. పలకరించడానికి వచ్చిన వాళ్లను పొమ్మనడం మా దగ్గర లేదు. పొద్దున ఆరింటికి మొదలు. ఒకరు పోతే ఇద్దరు. పదేళ్లుగా నా ముఖం చూడని వాళ్లు కూడా వచ్చారు. గట్టు తగాదాలో నా మీద కేసు పెట్టినవాడు వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. నాకు కాళ్లు లాక్కునే ఓపిక లేదు.

అందరూ ఒకటే అడిగారు, ఏం తినబుద్ధి అవుతుందని. పోయేవాడి నోటికి ఏది రుచి అయితే అది పెట్టాలి. ఒకరు నాటుకోడి పులుసు, ఒకరు సకినాలు. గౌండ్లోళ్ల ఇంటి నుంచి ముంతెడు కల్లు వచ్చింది. ద్వాళి ఆ ముంత వాసన చూసి పాపయ్య దిక్కు చూసింది. పాపయ్య నేల చూశాడు. టెంటు హౌసు సంతోష్ వచ్చి మంచిగ మాట్లాడాడు. మాట్లాడుతూనే వాకిలి పొడుగూ వెడల్పూ కళ్లతో కొలిచాడు.

పక్కింటి మరియమ్మ కుర్చీ తెచ్చుకుని కూర్చునేది. బైబిల్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. రోజుకు రెండు సార్లు ప్రార్థన. నడుమ నాకు సుద్దులు.

"అన్నా, ఎవలి మీద ఏమున్నా ఇడిసిపెట్టు. మనసుల బరువు పెట్టుకొని పోవద్దు," అన్నది.

"నేను పోతలేను."

"అందరు గట్లనే అంటరు."

ద్వాళి వాళ్లకు చెప్పి చూసింది. ఈయనకు తగ్గుతున్నదని, లెక్కలు బాగున్నాయని. ఆ పిల్ల ధైర్యం చెప్తున్నదనుకున్నారు. బుచ్చిని తెచ్చిన రోజు కూడా అంబులెన్సువాడు ఏం కాదనే అన్నాడు. నాలుగో రోజు సాయంత్రం పద్నాలుగు మంది ఉండగా ఆమెకు ఒళ్లు మండింది. మీరందరు ఇట్ల మీద పడితే మంచిగయ్యేటోడు కూడా పోతాడన్నది. ఒక ముసలాయన తల ఊపి, అయితే పోతాడన్న మాటే కదా అన్నాడు.

నాకు నిద్ర లేదు. వచ్చినవాళ్లు లేపి పలకరించేవాళ్లు. మిషను చప్పుడు ఆగదు. క్లిప్పులో ఒకసారి తొంభై మూడు, ఒకసారి తొంభై రెండు. నాలుగు రోజులు నలభై మంది ఒకే తీరుగా చూస్తే మనిషికి అనుమానం వస్తుంది. డాక్టరు ఫోన్లో తగ్గుతుంది అంటే ఆ ముఖంలో అబద్ధం వెతికాను. ఒక మధ్యాహ్నం పాపయ్యను అడిగాను, వాళ్లు నీకేమైనా వేరేగా చెప్పారా అని. లేదన్నాడు. ముఖం తిప్పుకుని అన్నాడు. వాడు కూడా నమ్మడం లేదని తెలిసింది. నన్ను చూసుకుంటున్నవాడే నేను పోతానని నమ్ముకుని చూసుకుంటున్నాడు.

ఐదో రోజు పగలు ఒంటిగంటకు కరెంటు పోయింది.

మిషను గట్టిగా కూత పెట్టింది. కరెంటు పోతే అది అరుస్తుందని ద్వాళి మొదటి రోజే చెప్పింది. విన్నది పాపయ్య ఒక్కడే. మరియమ్మ ఉలికిపడి లేచింది, ఒళ్లోంచి పుస్తకం కింద పడింది. అయ్యో అన్నా అని శోకం అందుకున్నది. బయటి నుంచి ఇంకో ఇద్దరు అందుకున్నారు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. తెరవడానికి విసుగొచ్చి తెరవలేదు. అది నా తప్పు.

పాపయ్య సిలిండరు మీద పడ్డాడు. తాళం తిరగలేదు. ఎటు తిప్పాలో మరిచిపోయాడు. నా గొట్టం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తాళం పట్టుకుని, ఏడుస్తూ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇనవడుతాందా? పోయేటోని దగ్గర దాపెట్టొద్దంటరు. వదినెను డాక్టర్లు పంపలె. నేనే తోలుకచ్చిన. సంతకం నేనే పెట్టిన."

నేను కళ్లు తెరిచాను.

వాడు నా కళ్లు చూశాడు. తాళం అప్పుడే తిరిగింది. గొట్టంలో గాలి వచ్చింది. నేను మరియమ్మను ఏడవొద్దన్నాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అందరినీ బయటికి పొమ్మన్నాను. ఐదు రోజుల్లో మొదటిసారి అందరూ పోయారు.

కాసేపటికి కరెంటు వచ్చింది. మిషను మళ్లీ మొదలైంది. చెప్పిన మాట మాత్రం వెనక్కి పోలేదు.

మిగతాది అడిగి చెప్పించుకున్నాను. ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటూ అడిగాను. ఆ రోజు పొద్దున డాక్టరు ఇంకో నాలుగు రోజులు చూద్దామన్నాడట. ఆశ ఉందని అనలేదు, లేదనీ అనలేదు. నాలుగు రోజులు అన్నాడు. పాపయ్య నాకు ఫోను చేద్దామనుకున్నాడట. బుచ్చి వాడి చెయ్యి పట్టుకుందట.

"నన్ను ఇంటికి తోల్కపో పాపయ్యా, ఈడ సావబుద్ధయితలేదు, అన్నది. ఫోను చెయ్యనియ్యలె. మీ అన్న ఇనడు, ఉండుమంటడు, అన్నది."

"నువ్వు ఇన్నవు."

"ఇన్న."

"మూడేండ్లు నాకు అబద్ధం చెప్పినవు."

నేను గోడ దిక్కు తిరిగాను. సూది ఉన్న చెయ్యి కింద పడి నొప్పి పెట్టింది. అట్లాగే ఉంచాను.

మూడేళ్లు నేను ఒక దవాఖానను తిట్టుకుంటూ బతికాను. బస్సులో ఆ రోడ్డున పోతే ఆ భవనం దిక్కు ఉమ్మాను. ఎవరికైనా జబ్బు చేస్తే హనుమకొండ వద్దు, చంపి పంపుతారని చెప్పాను. నా మాట విని ఒకరిద్దరు పోలేదు కూడా. వాళ్లు ఏమయ్యారో నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించే ఓపిక లేదు.

ఆ సాయంత్రం ద్వాళి వచ్చింది. సూది ఇస్తుంటే చెప్పాను, పాపయ్య నా ఇంట్లో ఉండొద్దని. ఎందుకని అడిగింది. చెప్పలేదు. ఆమె ఇంకోసారి అడగలేదు. అన్నదమ్ముల మధ్య ఏముంటుందో తండాల్లోనూ తెలుసు.

"ఇంకెవలున్నరు బాపు? పేరు చెప్పు. నేను నేర్పుత."

నేను ఆలోచించాను. రూప రాలేదు. పాపయ్య భార్య వస్తే పాపయ్య వచ్చినట్టే. మరియమ్మ మిషను ముట్టుకోదు, ప్రార్థన మాత్రం చేస్తుంది. గట్టు కేసువాడు నా కాళ్లు పట్టుకున్నాడు గానీ నీళ్ల సీసా మార్చడు. నలభై మంది వచ్చిపోయిన ఇల్లు అది. చెప్పడానికి ఒక్క పేరు లేదు.

ద్వాళి డాక్టరుకు ఫోను చేసింది. అతను నాతో మాట్లాడాడు. మనిషి లేకుంటే ఇంట్లో ఉంచడం కుదరదన్నాడు, సూదులు ఇంకా ఐదు రోజులున్నాయన్నాడు. రేపు పొద్దున బండి పంపుతానన్నాడు. సరే అన్నాను. వార్డుకే పోతానన్నాను. ఏ గడప తొక్కనని మూడేళ్లు ఉన్నానో ఆ గడపకు నా నోటితో నేనే ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున బండి వచ్చింది. ఊరు మళ్లీ వచ్చింది. ఈసారి వాళ్లకు అర్థం కాలేదు. ఇంటికి తెచ్చిన మనిషిని తిరిగి దవాఖానకు తీసుకుపోవడం వాళ్లు చూడలేదు. సంతోష్ కూడా దూరంగా నిలబడి చూశాడు.

ద్వాళి కాయితాలు రాస్తూ అడిగింది.

"వార్డుల గూడ పక్కన ఒక మనిషి ఉండాలె బాపు. ఎవలొస్తరని రాయాలె?"

నాకు ఆ సంగతి తట్టనే లేదు. పదకొండు రోజులు బుచ్చి మంచం కింద చాప వేసుకుని పడుకున్నవాణ్ని, నాకు తెలియనిదా. అయినా తట్టలేదు. మందు తేవాలన్నా, ఒంటేలు డబ్బా ఎత్తాలన్నా, నడిరాత్రి నర్సును పిలవాలన్నా మనిషే కావాలి.

పాపయ్య గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి. సంచిలోంచి నా తువ్వాల అంచు కనిపిస్తోంది, నా స్టీలు గ్లాసు కనిపిస్తోంది. వాడి దుప్పటి చంకలో ఉంది. ఎవరూ చెప్పకుండానే సర్దుకున్నాడు. నేను తిట్టినా సరే, మాట్లాడకున్నా సరే, వాడు వార్డుకు రావడానికి తయారుగా ఉన్నాడు.

నాకు అలసట వచ్చింది. కోపం ఉంది, కానీ దాన్ని భూపాలపల్లి దాకా మోసుకుపోయి, వార్డులో మంచం ఎక్కించి, మళ్లీ వాడి చేతి నీళ్లే తాగడానికి శక్తి లేదు.

"బండి పంపియ్యి బిడ్డా," అన్నాను. "ఈన్నే ఉంట."

"మరి మనిషి?"

"ఉన్నడు గద."

మిగిలిన రోజులు నేను వాడితో మాట్లాడలేదు. వాడు పని చేశాడు. నీళ్ల సీసా మార్చాడు. క్లిప్పు పెట్టి అంకె చూసి తలుపు మీది కాయితం అడుగున రాశాడు, పెద్ద పెద్ద అక్షరాలతో, బడిలో రాసినట్టు. తొంభై మూడు. తొంభై నాలుగు. తొంభై నాలుగు. వెచ్చని నీళ్లతో నా వీపు తుడిచాడు. నేను గోడను చూశాను. వాడు అన్నం కలిపి పెడితే తిన్నాను. కరెంటు రెండు సార్లు పోయింది. రెండు సార్లూ తాళం మొదటి దెబ్బకే తిరిగింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను కూడా అదే అడిగాను. చెప్పులు తొడుక్కుని, ఇంటికి పోతానన్నాను. డాక్టరు నా మాట విన్నాడు కాబట్టి నేను నా అర్రలో పడుకున్నాను. బుచ్చి అడిగితే వినే మనిషి పాపయ్య అయ్యాడు, నేను కాలేదు. పదకొండు రోజుల్లో ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నా ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదేమో. ఆమె కాలానికి ఈ మిషను, ఈ నర్సు వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ నాలుగు రోజులు ఉంచితే ఏమయ్యేదో కూడా తెలియదు. అది తెలియదన్న సంగతే నాకు తెలియకుండా దాచినందుకు వాణ్ని నేను క్షమించను.

ఊరు నెమ్మదిగా తగ్గింది. పోతాడనుకున్నవాడు పోకపోతే మనుషులకు ఏం మాట్లాడాలో తెలియదు. కాళ్లు పట్టుకున్నవాడు ఎనిమిదో రోజు వాకిలి ముందు నుంచి తల వంచుకుని పోయాడు. కేసు అట్లాగే ఉంది. మరియమ్మ కుర్చీ తీసుకుపోయింది. పోతూ దేవుడు విన్నాడన్నది. సూదులు అన్నాను నేను. సూదులు పంపింది ఎవరు అన్నది. ఆమెతో వాదించి గెలిచినవాడు ఊళ్లో లేడు.

పదో రోజు సాయంత్రం ద్వాళి నరంలోంచి గొట్టం తీసి దూది పెట్టింది. మిషను, సిలిండరు బండిలోకి ఎక్కించారు. ఇంకో రెండు వారాలు రోజూ దవాఖాన నుంచి ఫోను వస్తుందని, ఏ నంబరు రాసుకోవాలని అడిగింది. నా ఫోనులో చార్జింగు నిలవదు.

"వానిదే రాసుకో," అన్నాను.

ఆమె పోయింది. అర్రలో చప్పుడు లేదు. పది రోజులు ఆ మిషను చప్పుడును తిట్టుకున్నాను. ఇప్పుడు లేకపోతే ఇల్లు ఎవరో పోయినట్టు ఉంది. పాపయ్య చాప చుట్టి దుప్పటి మడిచాడు. సంచి భుజానికి వేసుకుని గడప దగ్గర ఆగాడు. పొమ్మంటే పోదామని ఆగాడు.

ఐదు రోజుల్లో మొదటిసారి వాడితో నోరు విప్పాను.

"ఆమె ఇంకేమన్నా అన్నదా?"

వాడు సంచి భుజం మార్చుకుని ఆలోచించాడు. అబద్ధం కోసం కాదు, గుర్తు తెచ్చుకోవడానికే అని ఆ ముఖం చూస్తే తెలిసింది.

"బండి ఎక్కినంక ఒక్కటే అడిగింది అన్నా. బర్రెకు కుడితి పెట్టిండా, అని."

ఆ సమయానికి నేను కొట్టంలోనే ఉన్నాను. కుడితి బకెట్టు చేతిలో ఉంది. అంబులెన్సు చప్పుడుకు బర్రె బెదిరి సగం ఒలకబోసింది. దాన్ని ఆ ఏడే అమ్మేశాను.

"పెట్టిన," అన్నాను.

వాడు తల ఊపాడు. గోడ సందులోంచి వాళ్లింటికి పోయాడు.

మర్నాడు పొద్దున గోడకవతల ఫోను మోగింది. డాక్టరే అయి ఉంటాడు. నేను వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడ్డాను. జ్వరం లేదని, తిన్నాడని, నడిచాడని పాపయ్య గట్టిగా చెబుతున్నాడు. ఆయాసం లేకుండా మాట్లాడుతున్నాడా అని అటువైపు అడిగినట్టున్నారు. వాడు కొంచెం ఆగాడు.

"మాట్లాడిండు సార్," అన్నాడు. "నిన్న ఒక్క మాట. ఆయాసమైతే లేదు."